గూళ్లున్న చెరువుకు ఏ రక్షణ అడగాలి? నెల్లూరు జిల్లాలో ఒక ప్రతిపాదన నడిచిన తీరు

ఈ కేసు నెల్లూరుకు దక్షిణంగా, జాతీయ రహదారికి తూర్పున ఉన్న ఒక సాగునీటి చెరువుది. ఊరి పేరు రాయడం లేదు. ఫైలు ఇంకా నడుస్తోంది. పైగా పేరు బయటికొస్తే చూడ్డానికొచ్చే కార్లతో పక్షులకే ఇబ్బంది. ఈ చెరువులో నీళ్ల మధ్య కడప చెట్లు, నల్లతుమ్మలు గుంపుగా ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు వాటి మీద గూళ్లు కడతాయి. గూడబాతులు (పెలికాన్లు) మేతకొచ్చి పోతుంటాయి, ఇక్కడ గూడు కట్టవు.

పూడికతీత పనుల అంచనాలో ఆ చెట్లను తొలగించాలని రాసి ఉన్నట్టు తెలిసి ఊళ్లో కుర్రాళ్లు కంగారుపడ్డారు. మా చెరువును నేలపట్టు పక్షుల కేంద్రం లాగా శాంక్చురీ (అభయారణ్యం) చెయ్యాలని పంచాయతీలో అర్జీ పెట్టారు. అది అటవీ శాఖ రేంజి ఆఫీసు దాకా వెళ్లింది. పూర్తి ప్రతిపాదన తెస్తే పైకి పంపుతామన్నారు. మ్యాపు, భూమి రికార్డులు, పక్షుల వివరాలు, చట్టంలో ఏ సెక్షన్ కింద అడగాలన్న వాదన, ఇవన్నీ ఒక ఫైలుగా కూర్చడం నా వృత్తి. అలా ఈ పని నా దగ్గరికొచ్చింది.

ఈ వృత్తిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. ఎవరికి ఏ హక్కుందో తేల్చే పని నోటిఫికేషన్ వచ్చాక కలెక్టర్ చూసుకుంటారులే అని వదిలేయకూడదు. మ్యాపు మీద హద్దు గీయకముందే, ప్రతిపాదన రాసేవాళ్లే ఊళ్లో కూర్చుని ఆ పని చేయాలి. ఈ కేసు నడిచిన తీరంతా ఆ నమ్మకం చుట్టూనే తిరిగింది.

శాంక్చురీ అని ఎందుకు అడగలేదు

కుర్రాళ్లు నేలపట్టు పేరెత్తడం సహజం. 1976లో శాంక్చురీ అయింది, 458.92 హెక్టార్లు, గూడబాతులు గూళ్లు కట్టే చోటుగా దేశమంతా పేరుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా నెల్లూరు వాళ్లకు అది ఇప్పటికీ మన నేలపట్టే. కానీ నేలపట్టును ప్రకటించిన నాటి పద్ధతి ఇప్పుడు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి రూపంలో రాష్ట్ర ప్రభుత్వం ఒక్క నోటిఫికేషన్‌తో నేరుగా శాంక్చురీని ప్రకటించగలిగేది. 1991 సవరణ తర్వాత 18వ సెక్షన్ కింద వచ్చేది శాంక్చురీ చేయాలనుకుంటున్నామన్న ఉద్దేశ ప్రకటన మాత్రమే. ఆ తర్వాత హక్కుల విచారణ జరగాలి. అది ముగిశాక 26ఏ సెక్షన్ కింద తుది ప్రకటన వస్తుంది.

విచారణకు చట్టం పెట్టిన గడువులు చూడ్డానికి బాగానే ఉంటాయి. ఉద్దేశ ప్రకటన వచ్చిన ముప్పై రోజుల్లో విచారణ అధికారిని నియమించాలి. అరవై రోజుల్లో ఆ ప్రాంత భాషలో, చుట్టుపక్కల ప్రతి ఊళ్లో ప్రకటన వేయాలి. హక్కున్నవాళ్లు అక్కడి నుంచి రెండు నెలల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టుకోవాలి. క్లెయిమ్ ఒప్పుకుంటే ఆ భూమిని హద్దుల్లోంచి తీసేయొచ్చు, పరిహారమిచ్చి తీసుకోవచ్చు, లేదా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో సంప్రదించి ఆ హక్కు అలాగే కొనసాగనివ్వొచ్చు. భూసేకరణకు రెండేళ్ల గడువుంది. అయితే గడువు దాటినంత మాత్రాన నోటిఫికేషన్ రద్దు కాదని 25ఏ సెక్షనే చెబుతోంది. ఈ విచారణలు ఎంతగా నానాయంటే, 1997లో సుప్రీంకోర్టే కల్పించుకుని ఏడాదిలోగా పూర్తి చేయమని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

నన్ను ఆపింది 18ఏ సెక్షన్. ఉద్దేశ ప్రకటన వెలువడిన రోజునే 27 నుంచి 33ఏ వరకూ ఉన్న ఆంక్షలన్నీ అమల్లోకి వస్తాయి. లోపలికి రావడం, చెట్టూ చేమా తీయడం, నీటి ప్రవాహాన్ని మళ్లించడం అన్నిటికీ అనుమతులు కావాలి. అంటే ఆంక్ష మొదటిరోజే వస్తుంది, హక్కు తేలడం ఎన్నేళ్లకో తెలీదు. మధ్యకాలంలో వంటచెరకు, పశువుల మేత వంటివాటికి ప్రభుత్వం ప్రత్యామ్నాయం చూపాలని అదే సెక్షన్ అంటుంది. కానీ ఎవరికి? ప్రభుత్వ రికార్డుల ప్రకారం హక్కున్నవాళ్లకు. రికార్డులో లేని మనిషి ఆ వాక్యంలో కూడా లేడు.

వెలిగొండల్లో పెనుశిల నరసింహ శాంక్చురీ వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడి ఉంది. అంతటిది సాధ్యమై, ఇంత చిన్న చెరువు ఎందుకు కష్టమవుతుందని కుర్రాళ్లలో ఒకతను అడిగాడు. మంచి ప్రశ్న. రిజర్వ్ ఫారెస్టుల్లో హక్కుల విచారణ అటవీ చట్టం కింద ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది కాబట్టి, 26ఏ కింద నేరుగా ప్రకటించే వీలుంది. కొండలకున్న ఆ సులువు చెరువుకు లేదు. చెరువులో రైతుంటాడు, చేపల సొసైటీ ఉంటుంది, బర్రెలుంటాయి, చాకిరేవుంటుంది. కొల్లేరులో ఏమైందో అందరం చూశాం. 1999లో ప్లస్ ఐదు కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా శాంక్చురీ అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో ప్లస్ మూడుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. లోపలి జిరాయితీ (సొంత పట్టా) భూముల గొడవ ఇప్పటికీ వినపడుతూనే ఉంది. కొల్లేరుకు రక్షణ అక్కర్లేదని నేననడం లేదు, కావాలి. హద్దు లోపల ఎవరున్నారో ముందే తేల్చకపోతే పక్షులూ నష్టపోతాయి, మనుషులూ నష్టపోతారు.

భూమి ఎవరిది

పక్షుల లెక్కకన్నా ముందు రికార్డులు పట్టుకున్నాం. ఆర్‌ఎస్‌ఆర్ (పాత సెటిల్‌మెంటు రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), అడంగల్ (సాగు వివరాల లెక్క) మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే చెరువు మొత్తం ఒకే రంగులో లేదు. గట్టు, లోతు భాగం, చెట్లున్న చోటు చెరువు పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. పైభాగాన, నీళ్లు ఆలస్యంగా చేరి తొందరగా తగ్గే చోట, ఒకప్పుడు ప్రభుత్వం పేదలకు సాగుకిచ్చిన డీకేటీ పట్టాలున్నాయి. వాటి పక్కనే కాగితం లేని సాగు. చెరువు ఆనుకుని ఊరి వైపు పట్టా భూమిలో పాత చింతచెట్లు, వాటి మీదా కొంగలు గూళ్లు కడతాయి.

రీసర్వే అయిన ఊళ్లలో పనిచేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాత సర్వే నంబరు పోయి ఎల్పీఎం (కొత్త భూమి పటం) నంబరు వచ్చింది. అటవీ శాఖ మ్యాపు పాత నంబర్లతో, రెవెన్యూ అభిప్రాయం కొత్త నంబర్లతో వస్తే, రెండూ ఒకే భూమని నిరూపించడానికే ఫైలు నెలల తరబడి తిరుగుతుంది. మేం ప్రతి ముక్కకూ రెండు నంబర్లూ రాశాం. హద్దుల వర్ణనకు చట్టం ఒక సౌకర్యం కూడా ఇచ్చింది. రోడ్లు, నదులు, గుట్టలు వంటి అందరికీ తెలిసిన గుర్తులతో చెబితే చాలు. అందుకని నంబర్లతో పాటు తూర్పున చెరువు కట్ట, దక్షిణాన కలుజు (మిగులు నీరు పొర్లిపోయే చోటు), పడమర బండిబాట అని మామూలు మాటల్లోనూ రాశాం. ఊళ్లో చదివి వినిపించినప్పుడు ప్రతి మనిషికీ తన పొలం లోపలుందో బయటుందో అక్కడే తెలిసిపోయింది.

దీని విలువ మొదటి సమావేశంలోనే కనపడింది. ఒక రైతు లేచి, "శాంక్చురీ అంటే రేపు నా పొలం 22ఏలో పడుద్దా, పడదా? అది చెప్పండి సార్ ముందు" అన్నాడు. అమ్మకాలు రిజిస్టర్ కాకుండా ఆపే రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ నిషేధిత జాబితా, రికార్డులో సొంతదారు పేరున్న చోట చుక్కలు పెట్టిన చుక్కల భూములు, ఈ రెండిటితో నెల్లూరు, ప్రకాశం రైతులు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. కూతురి పెళ్లికి అమ్ముకోవాలనుకున్న పొలం జాబితాలో ఉందని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తెలిసిన కుటుంబాలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. ఆ భయాన్ని పర్యావరణం మీద ప్రేమ లేకపోవడంగా చూసేవాళ్లంటే నాకు కోపం. అతనికి నేను చెప్పిన జవాబు మ్యాపే. పట్టా భూమి, డీకేటీ భూమి, సాగులో ఉన్న ఏ ముక్కా ఈ హద్దులో లేవు. డీకేటీ భూమి కూడా ప్రభుత్వానిదే కదా, కలిపేయొచ్చు అని ఒక అధికారి సూచించారు. నేను ఒప్పుకోలేదు. సాగు చేస్తున్న మనిషిని రికార్డులోని వాదనతో లోపలికి లాగితే, అక్కడి నుంచి ప్రతి పక్షీ అతనికి శత్రువే.

కాగితమే లేనివాళ్ల సంగతి ఇంకా కష్టం. చెరువు కట్ట కింద యానాదుల కాలనీ ఉంది. సొసైటీ వాళ్లు వేసవిలో పెద్ద వలలు లాగి వెళ్లాక, గుంటల్లో మిగిలిన చేపలు పట్టుకుని ఆ కుటుంబాలు బతుకుతాయి. సొసైటీ లీజులో ఆ మాట లేదు, పంచాయతీ తీర్మానాల్లో లేదు, రెవెన్యూలో అసలే లేదు. "మాకు కాయితం యాడుంది సామీ. మా తాత గుంటలో దిగినాడు, మా నాయన దిగినాడు, నేనూ దిగుతుండా" అన్నాడొక పెద్దాయన.

చట్టంలో వాళ్లకు ఒక కిటికీ ఉంది. 22వ సెక్షన్ ప్రకారం, ఎవరూ క్లెయిమ్ పెట్టకపోయినా, రికార్డుల్లోంచీ సంగతి తెలిసిన మనుషుల సాక్ష్యంలోంచీ హక్కులను అధికారి తెలుసుకోవాలి. శాంక్చురీ అడగకపోయినా ఆ పద్ధతిని మేం అరువు తెచ్చుకున్నాం. కాలనీ పెద్దలు, సొసైటీ సభ్యులు, కట్ట మీద బర్రెలు కాసేవాళ్లు, అందరి వాంగ్మూలాలు తేదీలతో రాయించి, వీఆర్వో, సర్పంచ్ ముందు చదివించి, వేలిముద్రలతో ఫైల్లో పెట్టాం. ఏ చెట్టు మీద ఏ నెలలో ఏ పక్షి దిగుతుందో, ఏ ఏడాది రాకుండా పోయాయో చెప్పిందీ వాళ్లే. ప్రతిపాదనలోని పక్షుల అధ్యాయంలో సగం వాళ్ల మాటల్లోంచి వచ్చింది, ఆ సంగతీ అందులోనే రాశాను.

ఎంచుకున్న దారి

మిగిలిన దారులు మూడు. 2017 చిత్తడి నేలల నిబంధనలు మొదటి చూపులోనే పోయాయి. సాగునీటి కోసం కట్టిన చెరువులను ఆ నిర్వచనంలోంచి మినహాయించారు. చెరువుల జిల్లాలో ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. వన్యప్రాణి చట్టం 36సీ కింద కమ్యూనిటీ రిజర్వ్ పట్టా భూములకూ ఉమ్మడి భూములకూ సరిపోతుంది. సొంతదారే స్వచ్ఛందంగా ముందుకు రావాలి. కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు, కేరళలో కడలుండి అలా వచ్చినవే. చింతచెట్ల రైతుకు ఆసక్తి ఉంది. కానీ ప్రకటన తర్వాత భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలన్న నిబంధన చదివి ఆలోచనలో పడ్డాడు. నేను తొందరపెట్టలేదు. ఆ చెట్లు ఈ ప్రతిపాదనలో లేవు.

పోరంబోకుకు 36ఏ సరిపోయింది. 2002 సవరణతో వచ్చిన కన్జర్వేషన్ రిజర్వ్ ఇది. భూమి ప్రభుత్వానిదై ఉండాలి, స్థానికులతో సంప్రదింపులు జరిగి ఉండాలి. శాంక్చురీల పక్కన ఉండేవీ, వాటిని కలిపేవీ అయిన ప్రాంతాలను చట్టం ప్రత్యేకంగా పేర్కొంది కానీ, మిగతావాటికి తలుపు మూయలేదు. శాంక్చురీ ఆంక్షల్లో కొన్నే దీనికి వర్తిస్తాయి. నిప్పు పెట్టకూడదు, వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడకూడదు, నేరాలు జరగకుండా చూడడంలో స్థానికులు సహకరించాలి. లోపలికి రాకూడదన్న 27(1) గానీ, 29వ సెక్షన్ నిషేధాలు గానీ ఇక్కడికి రావు. బర్రెలు దిగొచ్చు, రైతు తూము దగ్గరికి పోవచ్చు. కొందరు పర్యావరణ మిత్రులు ఇది పలచని రక్షణ అన్నారు. నిజమే, పలచనిదే. అయితే పక్షుల వేట ఎక్కడైనా నేరమే, దానికి రిజర్వ్ అక్కర్లేదు. ఇక్కడ అసలు ముప్పు చెట్లు నరకడం, నీళ్లు తోడేయడం. వాటిని ఆపడానికి ఈ రక్షణకు ఊరి ఒప్పందం తోడైతే చాలు.

నీటి మట్టం

ఈ కేసులో నేను ఎక్కువ కాలం గడిపింది తూము దగ్గర. గూళ్ల కింద నీళ్లున్నంత కాలం కుక్కలు, నక్కలు, మనుషులు ఆ చెట్ల దగ్గరికి రాలేరు. నీళ్లు ముందే తగ్గితే కొంగలు పిల్లలను వదిలేసి పోతాయి. అందుకని మార్చి చివరిదాకా నీళ్లు నిలపాలని మొదటి ముసాయిదాలో రాశాం. సాగునీటి సంఘం భగ్గుమంది. చివరి మడికి తడి అందకపోతే వరి పొట్ట మీద ఎండిపోతుందని వాళ్ల బాధ. న్యాయమైన బాధ.

లెవెల్ మెషీన్ పెట్టి చూశాక సంగతి వేరే అని తేలింది. చెట్లున్న గుంపు చెరువు లోతు భాగంలో ఉంది, తూము గడప మట్టానికి దిగువన. అంటే తూము పూర్తిగా ఎత్తినా ఆ నీళ్లు పొలానికి పారవు. ఆయకట్టుకూ గూళ్లకూ మధ్య గొడవ కాగితం మీదే ఉంది, నీళ్లలో లేదు. చివరి వారాల్లో ఆ గుంటను ఖాళీ చేస్తున్నది ఆయిల్ ఇంజన్లు. ఎడగారు (రెండో పంట) నారుమళ్ల కోసం ఒకరిద్దరు, చేపలు తొందరగా తేలాలని సొసైటీ వాళ్లు. ఇది తెలిశాక మాట్లాడాల్సిన మనుషుల సంఖ్య ఒక్కసారిగా తగ్గింది. గూళ్లలో పిల్లలు ఎగిరేదాకా గడప మట్టానికి దిగువన ఇంజన్లు పెట్టకూడదని, బదులుగా చేపల వేలం తేదీని ఏప్రిల్‌లోకి జరపాలని సొసైటీ, సాగునీటి సంఘం, పంచాయతీ ముగ్గురూ సంతకం చేశారు. గుంటల్లో మిగులు చేప యానాది కుటుంబాలదేనన్న మాట అందులోనే ఒక అంశంగా చేరింది. అది మొదటిసారి కాగితం మీదికి ఎక్కడం నాకు ఈ కేసులో అన్నిటికన్నా తృప్తినిచ్చింది.

పక్షుల ఆధారాల గురించి రెండు మాటలు. వేలాది విదేశీ పక్షులు అని రాస్తే పరిశీలించే అధికారి ఆ పేజీ తిప్పేస్తారు. ఇవి విదేశీ పక్షులూ కావు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన మంచిదే కానీ, అది ఒక్క నెల బొమ్మ. రెండు సీజన్లు, చెట్లకు నంబర్లు వేసి, అదే చోట నిలబడి గూళ్లు లెక్కించి, పిల్లలు ఎగిరే తేదీలు రాసుకున్నాం. ఇంజన్లు ఎప్పటిదాకా ఆగాలో చెప్పగలిగింది ఆ తేదీల వల్లే.

పరిశీలన, ఫైలు ఇప్పుడున్న చోటు

చెరువు రెండు పంచాయతీల సరిహద్దులో ఉంది కాబట్టి రెండు చోట్లా గ్రామసభలు జరిగాయి. మినిట్స్‌లో అభ్యంతరాలను కూడా ఉన్నవి ఉన్నట్టు రాయించాను. అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని రాసిన తీర్మానాన్ని పైన ఎవరూ నమ్మరు. 36బీ కింద ఏర్పడే నిర్వహణ కమిటీలో పంచాయతీకి ఒక్క ప్రతినిధే ఉంటారు. వ్యవసాయ శాఖకూ పశుసంవర్ధక శాఖకూ సీట్లున్నాయి, స్వచ్ఛంద సంస్థలకు మూడున్నాయి. మత్స్యకారులకూ యానాదులకూ విడిగా సీటు లేదు. చట్టంలోని ఈ లోపాన్ని మేం మార్చలేం. ఒక పంచాయతీ మాత్రం కాలనీకి చెందిన మహిళా వార్డు సభ్యురాలినే తన ప్రతినిధిగా పంపుతామని తీర్మానించింది.

అటవీ శాఖ డీఎఫ్‌ఓ స్థాయిలో వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా భూమి యాజమాన్యం మీదే. రెవెన్యూ అభిప్రాయం తొందరగానే వచ్చింది, మ్యాపులో వివాదం ఉన్న ముక్క లేకపోవడం వల్ల. సిఫారసుతో ఫైలు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయానికి చేరింది. రక్షిత ప్రాంతాల ఎంపికలో ప్రభుత్వానికి సలహా ఇవ్వాల్సింది ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే రాష్ట్ర వన్యప్రాణి మండలి కాబట్టి, అక్కడికీ వెళ్లాల్సి ఉంటుంది. దానికి ముందు చెరువు సొంతదారైన శాఖ ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆగింది అక్కడే. కట్ట, తూము, కలుజు మరమ్మతులకు, పూడికతీతకు రేపు అటవీ శాఖ అడ్డుపడుతుందేమోనని ఇంజనీర్ల సందేహం. చెరువు తెగితే జవాబు చెప్పాల్సింది వాళ్లే, కాబట్టి ఆ సందేహం కొట్టిపారేసేది కాదు.

వాళ్లతో కూర్చుని ప్రతిపాదనలో ఒక పేరా మార్చి రాశాం. కట్ట భద్రతకు సంబంధించిన అత్యవసర పనులకు ఎప్పుడైనా ఎవరి అనుమతీ అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. మామూలు మరమ్మతులు, పూడికతీత జూన్ నుంచి సెప్టెంబరు లోపు చేసుకోవాలి. పూడిక తీసేటప్పుడు నంబర్లు వేసిన చెట్ల మొదళ్ల చుట్టూ మట్టి కదపకూడదు, తీసిన మట్టిలో కొంత దిబ్బలుగా పోసి కడప, నల్లతుమ్మ మొక్కలు నాటాలి. పాత అంచనాలోంచి చెట్ల తొలగింపు అంశాన్ని తీసేశారు, దాని కాపీ ఫైల్లో ఉంది. ఈ పేరా మీద శాఖ రాతపూర్వక అంగీకారం రావాల్సి ఉంది.